ఆక్లాండ్‌లో ఒక కుటుంబం, మూడు పాత హైబ్రిడ్‌లు: కొనేముందు చేసిన పరీక్ష మొత్తం

ఈ కేసులో కారు కొన్నది న్యూజిలాండ్‌లో, సౌత్ ఆక్లాండ్‌లోని పాపటోయ్‌టోయ్‌లో అద్దె ఇంట్లో ఉండే ఒక తెలుగు జంట. ఆయన ఉద్యోగం నార్త్ షోర్‌లో. రోజూ సదరన్ మోటార్‌వే ఎక్కి, హార్బర్ బ్రిడ్జి దాటి వెళ్లి రావాలి. రానూపోనూ 70 కిలోమీటర్ల పైనే, అందులో సగం దారి ట్రాఫిక్‌లో నత్తనడకే. ఆమె నర్సు. ఉన్న పాత పెట్రోల్ కారు ఆమె షిఫ్టులకి సరిపోతుంది, ఆయనకి ఇంకో కారు కావాలి. బడ్జెట్ 14,000 న్యూజిలాండ్ డాలర్లు, మరీ తప్పకపోతే ఇంకో ఐదొందలు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకున్నవాణ్ణి. ఇక్కడికి వచ్చాక ఎక్కువగా హైబ్రిడ్‌ల మీదే, అంటే పెట్రోల్ ఇంజనుతోపాటు బ్యాటరీ, మోటారు కూడా ఉండే కార్ల మీదే పని చేస్తున్నాను. కొనేముందు కారు చూసిపెట్టడం నా పనిలో పెద్ద భాగం. ఈ జంట అనుమతితో, వాళ్ల వివరాలు బయటపడకుండా కేసు మొత్తం రాస్తున్నాను. మనవాళ్లు చాలామంది దేశంలో దిగిన కొత్తలోనే ఇలాంటి కారు కొంటారు. పొదుపు చేసిన డబ్బంతా అందులోనే పెడతారు. అందుకే రాయాలనిపించింది.

ఆయన అడిగిన మొదటి ప్రశ్న అందరూ అడిగేదే. "అన్నా, బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుంది?"

దానికి నేను సంఖ్య చెప్పను. పదేళ్ల కారు బ్యాటరీ ఇంకో ఆరేళ్లు రావచ్చు, ఆరు నెలల్లో పోవచ్చు. నేను ఆయన్ని తిరిగి అడిగింది వేరే. అమ్మేవాళ్లు కారు గురించి చెప్పే ప్రతి మాటకీ రుజువు ఏముంది? ఆ రుజువు కారు కంప్యూటర్‌లో ఉండాలి, లేదా కాగితం మీద ఉండాలి, అదీ లేకపోతే తర్వాత గొడవొస్తే మన పక్కన నిలబడే చట్టమైనా ఉండాలి. ఈ మూడింట్లో ఏదీ లేని కారు ఎంత చవగ్గా వచ్చినా నేను వద్దంటాను. ఈ కేసు నడిచింది అంతా దీని మీదే.

అసలు హైబ్రిడ్ ఎందుకు

మొదట ఆయన మనసు పాత ఎలక్ట్రిక్ కారు మీదకి పోయింది. కానీ అద్దె ఇల్లు, గరాజ్ లేదు, ఛార్జర్ పెట్టించుకోవడానికి ఇంటి ఓనరు ఒప్పుకోలేదు. పైగా 2024 ఏప్రిల్ 1 నుంచి ఇక్కడ ఎలక్ట్రిక్ కార్లకి రోడ్ యూజర్ ఛార్జీలు వచ్చాయి. ప్రతి 1,000 కిలోమీటర్లకి 76 డాలర్లు. ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసే హైబ్రిడ్‌లకైతే 38. ప్లగ్ లేని మామూలు హైబ్రిడ్‌కి ఈ బాదరబందీ లేదు, పన్ను పెట్రోల్ ధరలోనే పోతుంది. ఆయన రోజూ తిరిగే దారికి, ఆగుతూ కదులుతూ పోయే ట్రాఫిక్‌కి మామూలు హైబ్రిడ్డే సరిపోతుంది. బ్రేకు వేసిన ప్రతిసారీ పోయే శక్తిలో కొంత బ్యాటరీలోకి తిరిగొచ్చేది అక్కడే. ఖాళీ హైవే మీద వంద స్పీడులో పోయేవాళ్లకి మాత్రం లాభం అంతగా కనపడదు, వాళ్లు హైబ్రిడ్ కోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదని నేను నిర్మొహమాటంగా చెప్తాను.

ఆయన తెచ్చిన చిట్టాలో ఒక హోండా ఫిట్ హైబ్రిడ్ కూడా ఉంది, అన్నిటికన్నా చవక. 2013లో వచ్చిన ఆ తరం ఫిట్‌లో ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ ఉంటుంది. జపాన్‌లో విడుదలైన కొద్దికాలానికే ఆ కారుని పలుమార్లు రీకాల్ చేశారు. మంచివీ ఉన్నాయి, కానీ రోజూ ట్రాఫిక్‌లో పాకే మనిషికి డ్యూయల్ క్లచ్ వద్దని దాన్ని అక్కడితో పక్కన పెట్టించాను. టొయోటా హైబ్రిడ్‌లో బెల్టు లేదు, క్లచ్ లేదు, స్టార్టర్ మోటార్ లేదు, ఆల్టర్నేటర్ లేదు. గేర్ల గుత్తి ఒకటి, దానికి రెండు మోటార్లు. అరిగే వస్తువులు తక్కువ. పాత కారు కొనేవాడికి అదే కావాలి.

చివరికి మూడు మిగిలాయి. ఒక ప్రైవేటు మనిషి అమ్ముతున్న 2011 టొయోటా ప్రియస్. జపాన్‌లో పాత కార్ల వేలంలో నేరుగా కొనిపెడతానని ఒక ఏజెంట్ చూపించిన టొయోటా అక్వా. ఇక్కడి డీలర్ యార్డులో, అప్పుడే ఓడ దిగి, రోడ్డుకెక్కే అర్హత తనిఖీ (కంప్లయన్స్) అయిన 2015 అక్వా.

ప్రియస్: కంప్యూటర్ చెప్పిన సంగతి

ధర 8,500. మీటరు మీద 1,90,000 కిలోమీటర్లు. ఫొటోల్లో అద్దంలా మెరిసిపోతోంది. "బ్యాటరీ చెక్ చేయించాం, పర్ఫెక్ట్" అని ప్రకటనలో రాశాడు. మిగిలిన డబ్బు ఇండియా టికెట్లకి పనికొస్తుందని ఆ జంటకి దీని మీద ఆశ పడింది.

ముందురోజే ఫోన్ చేసి, మేమొచ్చేదాకా ఇంజను స్టార్ట్ చేయొద్దని అమ్మే అతన్ని అడిగాను. ఈ తరం ప్రియస్‌కి, అంటే 2009 నుంచి 2015 దాకా వచ్చిన 1.8 లీటర్ల ఇంజనుకి, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే తప్ప బయటపడని జబ్బు ఒకటుంది. ఈజీఆర్ కూలర్ (పొగలో కొంత చల్లబరిచి మళ్లీ ఇంజనులోకి పంపే భాగం) మసితో పూడుకుపోయి, దాంతో సిలిండర్లు వేడెక్కి, మెల్లగా హెడ్ గాస్కెట్, అంటే సిలిండర్ల పైనుండే సీలు పోతుంది. రాత్రంతా కొద్దికొద్దిగా కూలెంట్ (ఇంజనుని చల్లబరిచే ద్రవం) సిలిండర్‌లోకి దిగుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఇంజను ఒళ్లంతా ఊగిపోయినట్టు కొట్టుకుని, నిమిషంలో సర్దుకుంటుంది. ఆ నిమిషం దాటాక చూస్తే ఎంత మెకానిక్‌కైనా తెలియదు.

మేం వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంది. పక్క సందులోకి తీసుకెళ్లి పార్క్ చేశానన్నాడు. అయ్యుండొచ్చు. కారు కంప్యూటర్‌ని చదివే ఓబీడీ అడాప్టర్ పెట్టాను. లోపం కోడ్ ఒక్కటీ లేదు. చాలామంది ఇక్కడితో సంతోషపడి ఆపేస్తారు. కానీ కారు కంప్యూటర్ ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకుంటుంది. కోడ్‌లు చెరిపేశాక కారు ఎంత దూరం తిరిగింది అన్నది. ఈ కారు తిరిగింది 11 కిలోమీటర్లు. దాంతోపాటు కంప్యూటర్ తనని తాను పరీక్షించుకునే సెల్ఫ్ టెస్టులు కూడా చాలావరకు పూర్తికాలేదని చూపిస్తోంది. అంటే మేం వచ్చేముందే ఎవరో కోడ్‌లు చెరిపారు. హైబ్రిడ్ ప్యాక్ కాకుండా వేరేగా ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఊడదీసినా కొన్ని లెక్కలు సున్నా అవుతాయి, అది కూడా నిజమే. అందుకే అతన్ని అడిగాను. ఆ చిన్న బ్యాటరీ మార్చలేదన్నాడు.

తర్వాత బ్రేకులు. కారు రెడీలో పెట్టి, పెడల్ ముట్టుకోకుండా నిశ్శబ్దంగా కూర్చున్నాం. బ్రేకు ఒత్తిడి నిలబెట్టే పంపు ఒకటి ఉంటుంది, పెడల్ తొక్కినప్పుడు గుర్రుమనడం మామూలే. ఇది ఎవరూ తొక్కకుండానే కొద్ది సెకన్లకోసారి తిరుగుతోంది. లోపల ఒత్తిడి నిలవడం లేదన్నమాట. ఈ పంపు ఉండే భాగాన్ని, అంటే బ్రేక్ యాక్చుయేటర్‌ని మార్చాలంటే వేల డాలర్లు. జనం బ్యాటరీ గురించి భయపడతారు గానీ, ఈ భాగం గురించి అడిగినవాళ్లని నేను చాలా తక్కువ చూశాను. బ్యాటరీ పోతే కారు ఆగుతుంది. ఇది పోతే ఆగదు.

ఆ కారుకి బ్యాటరీ పరీక్ష కూడా చేశాను. ప్రియస్ బ్యాటరీ ప్యాక్‌లో 7.2 వోల్టుల చిన్న బ్యాటరీలు (మాడ్యూళ్లు) 28, కంప్యూటర్ వాటిని రెండేసి చొప్పున 14 బ్లాకులుగా చూస్తుంది. ఊరికే నిలబెట్టి చూస్తే అన్నీ సమానంగానే కనిపిస్తాయి. ఎత్తు ఎక్కిస్తూ యాక్సిలరేటర్ తొక్కి, తర్వాత దిగువకి బ్రేకు వేస్తూ చూడాలి. లోడ్ మీద బ్లాకుల మధ్య 0.2, 0.3 వోల్టు తేడా ఉంటే నాకు అభ్యంతరం లేదు. ఒక వోల్టు దాటితే ఆ బ్లాకు అలిసిపోయినట్టే. ఇక్కడ రెండు బ్లాకులు 1.3 దాకా వెనకబడ్డాయి. మరికొన్ని వారాలు తిరిగితే, ప్యాక్ మార్చమని చెప్పే పీ0ఏ80 కోడ్ మళ్లీ వెలుగుతుందని నా అంచనా. వెనక సీటు పక్కన బ్యాటరీకి గాలి పోయే జాలీ ఉంటుంది, అది తీసి చూస్తే కుక్క బొచ్చు, దుమ్ము కలిసి మెత్తలా పేరుకుని ఉంది. బ్యాటరీ ఎందుకు వేడెక్కిందో అక్కడే తెలిసిపోయింది.

పాడైన ఒకటి రెండు మాడ్యూళ్లు మార్పించుకుంటే చాలదా అని ఆయన అడిగారు. చాలదు. కొత్త మాడ్యూలుకీ పాతవాటికీ శక్తి కలవదు, కొన్నాళ్లకి పక్కది పోతుంది. అమ్మడానికి అలా చేస్తారు, ఉంచుకోవడానికి ఎవరూ చేయరు.

అమ్మిన వస్తువులో లోపం ఉంటే వ్యాపారిదే బాధ్యత అనే వినియోగదారుల గ్యారంటీ చట్టం ఇక్కడ ప్రైవేటు అమ్మకానికి వర్తించదు. అమ్మినవాడు అబద్ధం చెప్పాడని నిరూపించగలిగితే వేరే చట్టం కింద పోరాడొచ్చు, ఆ తిప్పలు ఎవరికి కావాలి. ఆ కారు వదిలేశాం.

జపాన్ వేలం: షీటు, లెక్క, నిరీక్షణ

దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కువగా తిరిగే సలహా ఇదే. "డీలర్‌కి ఎందుకు లాభం ఇవ్వాలి, డైరెక్ట్‌గా తెప్పించుకో."

ఏజెంట్ ఈ జంటకి పంపిన లెక్క 10,000 డాలర్లు. డీలర్ దగ్గర ఇలాంటి కారే 14,500. తేడా చూసి ఆయనకి కళ్లు తిరిగాయి. నేను ఆ కొటేషన్ తీసుకుని పంక్తి పంక్తీ చదివాను. వేలం ధర దాదాపు ఆరు లక్షల యెన్లు, అంటే ఆ రోజు రేటుకి ఏడు వేల డాలర్లకి కొంచెం తక్కువ. దాని మీద వేలం ఫీజు, ఏజెంట్ ఫీజు, జపాన్‌లో రేవుదాకా రవాణా, తనిఖీ, ఓడ కిరాయి, ఇన్సూరెన్స్. అన్నీ కలిపి పది వేలు. అంటే కారు ఆక్లాండ్ రేవుకి వచ్చేదాకా అయ్యే ఖర్చే అది. ఇక్కడ దిగాక ఆ మొత్తం మీద 15 శాతం జీఎస్‌టీ. ఆపైన కస్టమ్స్, బయోసెక్యూరిటీ, రేవు రుసుములు. తర్వాత రోడ్డుకెక్కే అర్హత కోసం చేసే తనిఖీ, దాన్నే ఇక్కడ కంప్లయన్స్ అంటారు. ఆ తర్వాత నంబరు ప్లేట్లు, రెగో (రిజిస్ట్రేషన్). కార్బన్ లెక్క కూడా ఉంది. క్లీన్ కార్ స్టాండర్డ్ అని 2023లో మొదలైంది. లక్ష్యం కన్నా తక్కువ పొగ వదిలే కారుకి క్రెడిట్, దాటితే ఛార్జీ. అక్వాకి ఇది లాభమే, పెద్ద వ్యాన్ తెప్పించేవాళ్లు మాత్రం ముందే లెక్క చూసుకోవాలి. అంతా కూడితే 13,000 దాటింది. కంప్లయన్స్‌లో టైర్లు చాలవంటే అవి వేరే.

అంటే అసలు తేడా వెయ్యి డాలర్ల చిల్లర. దానికి బదులుగా ఆయన వదులుకునేదేమిటో చెప్పాను. డీలర్ దగ్గర కొంటే 1993 నాటి వినియోగదారుల గ్యారంటీ చట్టం ఉంటుంది, మోటార్ వెహికల్ డిస్ప్యూట్స్ ట్రిబ్యునల్ ఉంటుంది. లాయర్ని పెట్టుకోకుండా అక్కడికి వెళ్లొచ్చు. జపాన్ వేలంలో కొన్న కారుకి ఏదైనా అయితే అమ్మినవాళ్లని ఇలా పట్టుకోవడం కష్టం.

ఇక వేలం షీటు, అంటే వేలంవాళ్లు కారుని పరీక్షించి రాసే కాగితం. ఇది చదవడం నేర్చుకున్నవాళ్లకి జపాన్ కార్లంత పారదర్శకంగా అమ్మే బజారు ప్రపంచంలో తక్కువ. పైన ఒక గ్రేడు ఉంటుంది. 4.5 అంటే చాలా మంచిది, 4 అంటే మంచిది, 3.5 అంటే చిన్నచిన్న దెబ్బలు. ఆర్ లేదా ఆర్‌ఏ అంటే ప్రమాదంలో దెబ్బతిని బాగుచేసింది. లోపలి శుభ్రతకి ఏ, బీ, సీ అని అక్షరాలు. కింద కారు బొమ్మ గీసి దాని మీద గుర్తులు పెడతారు. ఏ అంటే గీత, యూ అంటే సొట్ట, డబ్ల్యూ అంటే రిపేరు చేసిన రేకు, ఎక్స్‌ఎక్స్ అంటే మార్చిన భాగం, ఎస్ అంటే తుప్పు.

ఏజెంట్ చూపించిన అక్వాకి గ్రేడు 4. అతను చేసిన అనువాదంలో "మంచి కండిషన్" అని ఒకే మాట. అసలు జపనీస్ షీటు తెప్పించమన్నాను. దాని మీద, కింది భాగంలో ఎస్ గుర్తు ఉంది, చేత్తో రాసిన వ్యాఖ్యలో కింద తుప్పు అని ఉంది. వేలం జరిగేది హొక్కైడోలో. అక్కడ చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. పైన రంగు కొత్తదానిలా ఉన్నా కింద చాసిస్ తినేసి ఉండొచ్చు. జపాన్‌లో అది పెద్ద నేరం కాదు, అందుకే గ్రేడు 4 వచ్చింది. కానీ న్యూజిలాండ్ కంప్లయన్స్‌లో చాసిస్ తుప్పు కనిపిస్తే కారు ఆపేస్తారు. గుర్తింపు ఉన్న ఇంజనీరుతో రిపేర్ సర్టిఫికేట్ తేవాలి. కారు రేవు దాటి వచ్చేశాక, డబ్బంతా కట్టేశాక ఇది తెలిస్తే మనిషి ఏం చేస్తాడు?

కిలోమీటర్ల విషయంలో మాత్రం జపాన్ కాగితాలు నాకు ధైర్యమిస్తాయి. అక్కడ కొత్త కారుకి మూడేళ్లకి, తర్వాత ప్రతి రెండేళ్లకి షాకెన్ అనే తప్పనిసరి తనిఖీ ఉంటుంది. ఆ తనిఖీలో నమోదైన మీటరు రీడింగ్ ఎగుమతి ధ్రువపత్రంలో కనిపిస్తుంది. వేలం షీటు మీద అంకె, ఎగుమతి పత్రం మీద అంకె, మీటరు మీద అంకె, మూడూ ఒక దారిలో పెరుగుతూ రావాలి.

ఇంకో సంగతి సమయం. సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఇక్కడ స్టింక్ బగ్ అనే పురుగు కోసం జపాన్ నుంచి వచ్చే వాహనాలకి ప్రత్యేక శుద్ధి చేస్తారు. తోటలన్నీ నాశనం చేసే పురుగు అది. 2018 ఫిబ్రవరిలో జపాన్ నుంచి కార్లతో వచ్చిన ఓడల్ని ఈ పురుగు ఉందని న్యూజిలాండ్ వెనక్కి తిప్పి పంపేసింది. బయోసెక్యూరిటీ మీద ఈ దేశం ఎంత గట్టిగా ఉంటుందో మన ఊరగాయ జాడీలు ఎయిర్‌పోర్టులో పోగొట్టుకున్నవాళ్లకి తెలుసు. కారు కోసం వారం వారం రైడ్‌లు బతిమాలుకుంటూ ఎదురుచూడగలరా అని ఆమెని అడిగాను. "కారు వచ్చేదాకా నేను నిద్ర మానుకుని ఆయన్ని దింపాలి, నా వల్ల కాదు అన్నా" అంది. నైట్ షిఫ్టు చేసే మనిషి మాట అది. నా లెక్కలన్నిటికన్నా ఆ మాటే బలమైన కారణం.

నేరుగా తెప్పించుకోవడం అందరికీ తప్పని నేను అనను. ఇక్కడ యార్డుల్లో దొరకని మోడల్ కావాలంటే, షీటు చదివే మనిషి నమ్మకస్తుడైతే, ఇంట్లో వేరే కారు ఉంటే, చక్కగా తెప్పించుకోవచ్చు. ఆల్ఫర్డ్ హైబ్రిడ్ అనే పెద్ద వ్యాన్ అలా తెప్పించుకుని సంతోషంగా ఉన్న కుటుంబాలు నాకు తెలుసు. వెయ్యి డాలర్ల కోసం ఒక అక్వాని తెప్పించడం మాత్రం నాకు సరిగ్గా అనిపించదు.

డీలర్ దగ్గరి అక్వా

మీటరు మీద 84,000 కిలోమీటర్లు. డీలర్ దగ్గర మొదట అడిగింది జపనీస్ వేలం షీటు. కాసేపు లేదన్నారు, కారు వద్దని లేచేసరికి ఈమెయిల్‌లో వచ్చింది. గ్రేడు 4, లోపల బీ, వెనక తలుపు మీద ఒక యూ గుర్తు. ఆ సొట్ట కారు మీద అక్కడే ఉంది. ఎగుమతి పత్రంతో మీటరు కలిసింది. కారు లిఫ్ట్ ఎక్కించి కింద చూశాను, శుభ్రం.

అక్వాలో 1.5 లీటర్ల ఇంజను. బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది, 7.2 వోల్టుల మాడ్యూళ్లు 20, మొత్తం 144 వోల్టులు. లోడ్ మీద తేడా 0.2 లోపే. పొద్దున్నే చల్లటి ఇంజను స్టార్ట్ సాఫీగా ఉంది. బ్రేకు పంపు పెడల్ తొక్కినప్పుడే మోగింది. కోడ్‌లు చెరిపిన దూరం చూస్తే, జపాన్‌లో ఎక్కడో చెరిపి వేల కిలోమీటర్లు అయింది. సెల్ఫ్ టెస్టులన్నీ పూర్తిగా ఉన్నాయి.

లోపాలూ ఉన్నాయి. బ్యాటరీ గాలి జాలీ మసిబారింది. 12 వోల్టుల బ్యాటరీ బలహీనం. చాలా హైబ్రిడ్‌లు రోడ్డు మీద ఆగిపోవడానికి కారణం ఈ చిన్న బ్యాటరీయే, పెద్దది అనుకుని జనం బెంబేలెత్తుతారు. ముందు టైర్లు రెండూ అరిగాయి. పాటలు పెట్టే తెర మొత్తం జపనీస్, రేడియోలో ఇక్కడి స్టేషన్లు సగం రావు. జపాన్ ఎఫ్‌ఎం 76 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలై 95 దగ్గర ఆగిపోతుంది, మనది 108 దాకా. దానికి చిన్న కన్వర్టర్ పెట్టించారు. కొత్త 12 వోల్టుల బ్యాటరీ, రెండు టైర్లు, జాలీ శుభ్రం చేయించడం, ఈ మూడూ డీలర్ చేత రాతపూర్వకంగా ఒప్పించి 14,000కి ముగించాం. డీలర్ ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటగట్టబోతే వద్దని చెప్పించాను. దాని షరతులు చదివితే హైబ్రిడ్ బ్యాటరీ అందులో లేదు, మిగతావాటిలో చాలా భాగం చట్టమే ఇస్తుంది.

కారు మీద పాత అప్పు ఏమైనా ఉందేమో అని పీపీఎస్‌ఆర్ రిజిస్టర్‌లో చూసి, అప్పుడు డబ్బు కట్టమన్నాను.

ఇండియాకి తీసుకెళ్లొచ్చా అన్న ప్రశ్న

కొన్నాక హైదరాబాద్‌లో ఉన్న ఆమె తమ్ముడు ఫోన్ చేశాడట. తిరిగి వచ్చేటప్పుడు ఆ కారు తెచ్చుకోవచ్చు కదా, స్టీరింగ్ కుడివైపే కదా అని. కుడివైపు ఉంటే చాలదు. ఇండియా నిబంధనల ప్రకారం వాడిన కారు తయారై మూడేళ్లు దాటకూడదు, ముంబై రేవు గుండానే రావాలి, ఆపైన సుంకాలూ పన్నులూ కలిసి కారు విలువకి రెట్టింపు పైనే పడతాయి. అమెరికా, దుబాయ్ నుంచి తేవాలనుకునేవాళ్లకి ఎడమవైపు స్టీరింగ్ దగ్గరే దారి మూసుకుపోతుంది.

అక్కడ పాత హైబ్రిడ్ కావాలంటే అక్కడే కొనడం మేలు. గ్రాండ్ విటారా, హైరైడర్, సిటీ ఈహెచ్‌ఈవీ 2022లో వచ్చాయి, ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. ఒక్కటి జాగ్రత్త. సియాజ్, ఎర్టిగా లాంటి వాటి వెనక "స్మార్ట్ హైబ్రిడ్" అని ఉంటుంది. అవి మైల్డ్ హైబ్రిడ్‌లు, బ్యాటరీ మీద ఒక్క మీటరు కూడా సొంతంగా నడవవు. బ్యాటరీ మీద కొంత దూరమైనా నడిచే స్ట్రాంగ్ హైబ్రిడ్ ధర పెట్టి వాటిని కొనొద్దు. గ్రాండ్ విటారా, హైరైడర్‌లలో రెండు రకాలూ ఉన్నాయి, కాబట్టి ఆర్‌సీ, వేరియంట్ పేరు చూసి మాట్లాడాలి.

తర్వాత జరిగింది

కొన్న కొద్ది నెలలకి ముందు చక్రం దగ్గర హూ అని మోత మొదలైంది. బేరింగ్. డీలర్ మొదట "మామూలు అరుగుదల" అన్నారు. గ్యారంటీ చట్టం పేరు, మోత రికార్డు, నా రిపోర్టు పెట్టి మర్యాదగా ఈమెయిల్ రాయించాను. ఉచితంగా మార్చిచ్చారు. ప్రియస్ కొన్నా, జపాన్ నుంచి తెప్పించినా ఈ ఖర్చు వాళ్ల జేబులోంచే పోయేది.

ఏడాది దాటాక వోఫ్‌కి (ఇక్కడి తప్పనిసరి భద్రతా తనిఖీకి) ముందు కారు నా దగ్గరికి వచ్చింది. సగటు వంద కిలోమీటర్లకి 4.8 లీటర్లు. జపాన్ బ్రోషర్‌లో లీటరుకి 37 కిలోమీటర్లు అని రాసుంటుంది, అది ల్యాబ్ లెక్క. మన రోడ్డు మీద లీటరుకి 21 దాకా వస్తే మంచి మైలేజీయే. ముందు బ్రేకు ప్యాడ్లు పెద్దగా అరగలేదు. బ్యాటరీ తేడా లోడ్ మీద ఇప్పటికీ 0.2 దగ్గరే ఉంది. జాలీలో మళ్లీ కొంచెం దుమ్ము చేరింది, తుడిచి ఇచ్చాను. ఇంజను కూలెంట్, ఇన్వర్టర్ కూలెంట్ రెండూ వేర్వేరని ఆయనకి చూపించి, సర్వీసులో రెండోదాన్ని మర్చిపోకుండా అడగమని చెప్పాను. వెనక సీట్లో సామాన్లు పెట్టేటప్పుడు ఆ జాలీకి అడ్డం రాకుండా పెట్టమన్నాను, ఇప్పుడు పాప కారు సీటు కూడా అటుపక్కనే బిగిస్తున్నారు కాబట్టి.